ఆకుపచ్చ చుక్క

నీళ్ల శాఖలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పంపు ఆపరేటర్లకి, ట్యాంకుల కాపలావాళ్లకి, బోర్ల దగ్గర మోటార్లు వేసేవాళ్లకి ఆమె షెడ్యూలమ్మ. ఏ బోరు నీళ్లు ఏ నెలలో పట్టాలి, ఏ సీసాలో పట్టాలి, ఏ పరీక్షకి పంపాలి అన్నది ఆమె నోట్లోంచి రావలసిందే. తేదీ దాటితే ఫోను చేస్తుంది. మొదటిసారి గొంతు మెత్తగానే ఉంటుంది. "ఏం బాబాయ్, సీసా దారి తప్పిందా?" అని అడుగుతుంది. రెండోసారి ఆ బాబాయ్ ఉండదు. ఆ పేరుతో ఆమెని మొహం మీద ఎవరూ పిలవరు. అయినా ఆమెకి తెలుసు, తెలిసి లోపల్లోపల మురిసిపోతుంది కూడా.

ఇన్నాళ్లూ ఆ షెడ్యూళ్లు ఆమె గది గోడల నిండా అట్టల మీద వేలాడేవి. ఊరికో అట్ట, నెలకో గడి. ఫ్యాను వేస్తే అన్నీ కలిసి టపటపలాడేవి. ఇప్పుడవన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. ఏడాది పాటు తలప్రాణం తోకకి తెచ్చుకుని, ప్రోగ్రామరు చేత విసుక్కోబడి, తిరిగి అతన్ని విసుక్కుని, కళ్లద్దాలు కూడా మార్చుకుని ఆ పని గట్టెక్కించింది. వచ్చే శుక్రవారం దాన్ని జనం కోసం తెరుస్తారు. ఎవరైనా సరే ఫోనులో తన ఊరు వెతుక్కుంటే పటం మీద ఒక చుక్క కనపడుతుంది. నీళ్లు హద్దులో ఉంటే ఆకుపచ్చ, దాటితే ఎరుపు. చుక్క మీద వేలు పెడితే తరవాతి పరీక్ష ఎప్పుడో చెబుతుంది.

అందులో ఆమెకి అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఒకటుంది. ఎన్నడూ హద్దు దాటని నీళ్లని మాటిమాటికీ పరీక్షించడం దండగ. అలాంటి చోట్ల మూడేళ్లకోసారి చాలు, మిగిలిన సీసాలూ మనుషులూ ఎర్రచుక్కల దగ్గరికి వెళ్లొచ్చు. ఎవరికి తగ్గించాలో, ఎవరికి పెంచాలో ఇక అట్టలు తిరగేసి తేల్చుకోనక్కర్లేదు, కంప్యూటరే చూసుకుంటుంది. ఆ ఆలోచన ఆమెది. చీఫ్ ఇంజనీరు నలుగురిలో మెచ్చుకున్నాడు. మంచి ఆలోచనే, కాదనడానికి లేదు.

సోమవారం ఆయన ఆమెని గదికి పిలిచాడు. "శుక్రవారం పైనుంచి పెద్దవాళ్లు వస్తున్నారమ్మా. పటం చూపించి చప్పట్లు కొట్టమంటే కొట్టరు. చక్కగా నడుస్తున్న చిన్న చోటు ఒకటి వెతికి పెట్టు. ఒక్కసారి కూడా ఎరుపెక్కనిది. దాన్ని పెద్ద తెర మీద వేద్దాం" అన్నాడు.

బయటికొస్తూనే ఆమెకి తట్టింది మిల్లు క్వార్టర్లు. ఊరి చివర మెరక మీద బట్టల మిల్లు వాళ్లు కట్టిన వరస ఇళ్లు అవి. ఆమె చెల్లెలి మొగుడు ఆ మిల్లులోనే మెకానిక్కు. పనికెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకునే గది ఒకటి అక్కడ చెల్లెలే నడుపుతోంది. పటం తెరిచి చూసింది. చుక్క ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. తరవాతి పరీక్ష మూడేళ్లకి. వెంటనే ఫోను చేసింది.

"ఏమే, మీ నీళ్లకి ఫస్టు ర్యాంకు వచ్చింది."

"మా నీళ్లకా? వంటింట్లో గిన్నెల అడుగు తోమలేక చస్తున్నాను. ఎవరిచ్చారు ఆ ర్యాంకు?"

"గిన్నెల అడుగున తెల్లటి పొర వేరే సంగతిలే. మా పటంలో పచ్చగా ఉంది. నేనే చూశాను."

"నువ్వు చూశావంటే ఇంక నాకేం భయం. పిల్లలకి పాలు కలిపేది ఆ నీళ్లతోనే కదక్కా. ఆదివారం రా, పాప నీ మొహం మర్చిపోయేట్టుంది" అంది చెల్లెలు. పాప అంటే చెల్లెలి కూతురు, ఐదు నెలలు నిండాయి. ఫోనులో పిల్లల ఏడుపులు వినిపిస్తుంటే షెడ్యూలమ్మ నవ్వుకుంది.

*

తెర మీద వేయడానికి చుక్క ఒక్కటే సరిపోదు కదా, కొన్ని పాత పరీక్షల అంకెలు కూడా ఉంటే బాగుంటుందని మంగళవారం పొద్దున్నే ల్యాబుకి దిగింది. ల్యాబాయన సింకు దగ్గర నిలబడి సీసాలు కడుగుతున్నాడు. ఒక్కో సీసాలో శుభ్రమైన నీళ్లు కొంచెం పోసి, మూత బిగించి, ఆడించి పారబోసి, మళ్లీ పోసి, చివరికి కొక్కేలకి తలకిందులుగా తగిలిస్తున్నాడు. ఆ పని ఎవరికీ వదలడు. నోరు మాత్రం ఊరుకోదు.

"ఏంటి, మహారాణి గారు మా గుడిసెకి వేంచేశారు? అట్టలన్నీ పారేశారటగా, మాకు రెండిస్తే సీసాల కింద వేసుకునేవాళ్లం."

"ఇస్తాలెండి. మిల్లు క్వార్టర్ల ఫలితాలు కావాలి. బాగున్నవి నాలుగైదు చాలు."

ల్యాబాయన చెయ్యి ఆగింది. "మిల్లు క్వార్టర్లా? అక్కణ్ణించి సీసా ఎప్పుడొచ్చింది?"

"అదేంటి? వస్తూనే ఉంటుంది కదా."

"నేనిక్కడ చేరాక రాలేదు. ఆ మెరక మీది నీళ్లు ఏ రంగులో ఉంటాయో కూడా నాకు తెలీదు." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "మిల్లు వాళ్లకి సొంత ల్యాబుందేమో అనుకున్నాం మేము."

షెడ్యూలమ్మ ఆయన బల్ల మీదున్న కంప్యూటరు ముందు నిలబడే తన పేరుతో లోపలికి వెళ్లింది. మిల్లు క్వార్టర్ల చుక్క పట్టుకుని వెనకున్న ఫలితాలు తెరిచింది. నైట్రేటు దగ్గర ఖాళీ. ఫ్లోరైడు దగ్గర ఖాళీ. క్రిములకీ ఖాళీ. సున్నాలు కావు, ఏమీ లేదు. ఎప్పుడో మిల్లు వాళ్లు ఆ బోరునీ ట్యాంకునీ శాఖకి అప్పగించారు. శాఖ తీసుకుంటుందిలే అని వాళ్లు పరీక్షలు మానేశారు. వాళ్లు చేయిస్తున్నారులే అని వీళ్లు అట్ట కట్టలేదు. అట్టే లేని చోటు అది, గోడ మీద ఖాళీ గడులుంటే కదా ఎవరికైనా వెలితి కనపడేది. పటంలోకి మాత్రం శాఖ ట్యాంకుల జాబితాలోంచి ఎక్కింది.

మరి పచ్చ ఎలా వచ్చింది? ఆ ప్రశ్న వేసుకున్న మరుక్షణమే జవాబు దొరికింది ఆమెకి, ల్యాబాయన స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రోగ్రామరు ఆమెని అడిగాడు ఒకనాడు. "మేడం, ఒక్క ముక్కలో చెప్పండి, ఎవరికి పచ్చ ఇవ్వాలి?" ఆమె తలెత్తకుండానే చెప్పింది. "ఒక్కసారి కూడా హద్దు దాటకపోతే పచ్చ." అతను అక్షరం పొల్లుపోకుండా అదే రాసుకున్నాడు. మిల్లు క్వార్టర్ల నీళ్లు ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. ఎలా దాటుతాయి? వాటిని హద్దు దగ్గరికి తీసుకెళ్లిన వాళ్లే లేరు. ఎవరూ చూడని నీళ్లకంటే శుభ్రమైన నీళ్లు ఆ పటంలో ఇంకేవీ ఉండవు.

"ఏమైందమ్మా? మంచినీళ్లు కావాలా?" అన్నాడు ల్యాబాయన.

"సీసా కావాలి. ఐసు పెట్టె కూడా" అంది షెడ్యూలమ్మ.

*

ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో మెరక ఎక్కింది. పిల్లల గది క్వార్టర్ల మొదటి వరసలో చివరిది. గోడకి చెయ్యి అందేంత ఎత్తు వరకే రంగు. ఆ పైన సున్నం. ఒక పక్క గుడ్డ ఉయ్యాలలు, ఒక పక్క చాప, కిటికీ కింద బల్ల మీద పాలసీసాలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ప్రతి సీసా మెడకీ ఒక్కో రంగు దారం. మిల్లులోంచి తెచ్చిన నూలు పోగులే అవి. ఎవరి సీసా ఎవరిదో తెలియడానికి చెల్లెలు కనిపెట్టిన ఉపాయం.

"ఆదివారం రమ్మంటే మంగళవారమే ఊడిపడ్డావేంటే!" అంటూ చెల్లెలు చంకలో ఒకణ్ణి, భుజాన ఇంకొకణ్ణి వేసుకుని ఎదురొచ్చింది. "ఆ పెట్టేంటి? ఐస్‌క్రీమా?"

"కాదే. ఇటు పనుండి వచ్చాను. ఎలాగూ వచ్చాను కదా అని ఒక సీసా నీళ్లు పడదామని."

"ఫస్టు ర్యాంకు వచ్చాక కూడానా?"

"ఊరికేనే" అంది షెడ్యూలమ్మ. తోబుట్టువుతో ఆడిన అబద్ధం నాలుక మీద చేదుగా తగిలింది.

కుళాయి తిప్పి, పైపులో నిలవున్న నీళ్లు పోయేదాకా ధార వదిలింది. సీసాని ఆ నీళ్లతోనే తొలిచి, మెడ దాకా నింపి, మూత బిగించి, చీటీ అంటించి ఐసులో కుక్కింది. నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన లేదు. తాగితే తియ్యగా కూడా ఉంటాయేమో. ఆమె పని చేస్తున్నంతసేపూ చెల్లెలు పక్కనే పొయ్యి మీద తపేలా చూస్తూ నిలబడింది.

"కలిపే ముందు పావుగంట మరిగిస్తానక్కా. ఇంకా సగానికి ఇగరాలి అంటుంది మా అత్త. క్రిమి అన్నది మిగలకూడదు కదా."

షెడ్యూలమ్మ ఐసు పెట్టె మూత నొక్కిపెట్టింది. ఉయ్యాలల వైపు చూసింది. అన్నిట్లోకీ కిటికీ దగ్గరిది కదలకుండా ఉంది.

"వాడా? మా సైరను" అంది చెల్లెలు నవ్వుతూ. "వాడు ఏడిస్తే మిల్లు షిఫ్టు అయిపోయిందనుకుని జనం బయటికొచ్చేవాళ్లు. రెండు వారాలై చప్పుడు లేదు. పాలు తాగుతాడు, పడుకుంటాడు. సైరను చెడిపోయింది, మెకానిక్కుని పిలవాలి అని వాళ్లమ్మ దగ్గర ఆటపట్టిస్తున్నాం."

వాడి తల్లి మిల్లులో వడికే మిషన్ల దగ్గర పని. మొదటి కాన్పు. పాలు పడక పోతపాలకి దిగింది. ఇంట్లో అత్తగారు అందుకు రోజూ దెప్పుతోంది. ఇవన్నీ చెల్లెలు గిన్నె దించుతూ చెప్పుకొచ్చింది. షెడ్యూలమ్మ సగమే విన్నది. బస్సు దాటిపోతుందని లేచి, పాప బుగ్గ మీద ముద్దు పెట్టి బయల్దేరింది.

*

బుధవారం ల్యాబు తలుపులు తీసేసరికే ఆమె అక్కడుంది. ల్యాబాయన గొట్టంలో నీళ్లు పోసి, పొడి వేసి, ఊపి పక్కన పెట్టాడు. నైట్రేటు ఉంటే గులాబీ రంగు తిరుగుతుంది. ఎంత ఉంటే అంత చిక్కన. ఇద్దరూ ఆ గొట్టం వైపే చూస్తూ కూర్చున్నారు. ముందు పల్చగా వచ్చింది. ఇక ఆగుతుందిలే అనుకున్నారు. ఆగలేదు. చూస్తూ ఉండగానే చిక్కబడి, చివరికి ఎర్రబడింది.

మిషను మీద పెట్టి అంకె చూశాడు ల్యాబాయన. చూసి, గొట్టం కడిగి, ఇంకోసారి మొదటినుంచి చేశాడు. "హద్దుకి మూడింతలు" అన్నాడు చివరికి. ఆయన నోట్లో వేళాకోళం లేదు. "చుట్టూ మరుగుదొడ్ల గుంతలుంటాయి అక్కడ, ఆ మురుగు కిందికి దిగినట్టుంది. పెద్దవాళ్లకి అంత ప్రమాదమేం లేదు. పసివాళ్లున్న ఇళ్లేమైనా ఉన్నాయా?"

ఆమె లేచి నిలబడింది. "మరిగిస్తే?"

"మరిగిస్తే నీళ్లు పోతాయి, ఇది పోదు. ఇంకా చిక్కబడుతుంది."

చీఫ్ ఇంజనీరు గదిలో శుక్రవారం సభకి కుర్చీలు ఎన్ని, ఎక్కడ అని లెక్క చూస్తున్నారు. ఆమె అందర్నీ బయటికి పంపమంది. చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు. కళ్లజోడు తీసి పెట్టి, మొత్తం విన్నాడు, అడగాల్సినవి అడిగాడు.

"ఒక్క సీసా. ఒక్క సీసాతో ఊరంతా గగ్గోలు పెట్టమంటే ఎలాగమ్మా? నిబంధనేం చెబుతోంది? రెండో సీసా పట్టి ఖాయం చేసుకోమంటోందా లేదా?"

"అంటోంది సార్. కానీ అక్కడ పోతపాల పిల్లలున్నారు."

"రేపు రెండోది పట్టించు. శుక్రవారం ఈ తతంగం కానీ. శనివారం పొద్దున్నే ట్యాంకరు నేనే పంపిస్తాను, నోటీసు నా సంతకంతోనే వెళ్తుంది. రెండు రోజులు. ఇప్పుడు చుక్క మారిస్తే రేపు పత్రికలవాళ్లు మిగతా చుక్కల మాటేంటని అడుగుతారు. ఏం చెబుతావు?"

మిగతా చుక్కలు. ఆ మాట ఆమె నిన్నటినుంచీ దగ్గరికి రానివ్వకుండా తోసేస్తోంది. ఏడాది పని, ఆ అట్టలు, ఆ మెప్పు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "సరే సార్" అని బయటికొచ్చి, మెట్ల మీదే ఆటో పిలిచింది. ఎవరికీ చెప్పనని ఒప్పుకుంది గాని, చెల్లెలికి చెప్పనని ఒప్పుకోలేదు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. మనిషి మనసు అలాంటి సందులు ఎన్నయినా వెతుక్కుంటుంది.

*

దారిలో రెండు క్యాన్ల మంచినీళ్లు కొని ఆటోలో వేయించింది. పిల్లల గది గుమ్మంలోనే చెల్లెల్ని చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"గట్టిగా మాట్లాడకు. నేను చెప్పేది విను. ఇవాళ్టినుంచి పాపకి కుళాయి నీళ్లు వద్దు. ఈ క్యాన్లు వాడు. అయిపోతే మళ్లీ తెప్పిస్తాను."

"ఎందుకు?"

"నిన్న పట్టిన నీళ్లు బాగోలేదు. మరిగిస్తే ఇంకా చెడ్డ. శనివారం అందరికీ నోటీసు వస్తుంది. అప్పటిదాకా ఎవరితోనూ అనకు. నా ఉద్యోగం సంగతి ఉంది. పాపకి చాలు ఇవి, జాగ్రత్తగా వాడితే."

చెల్లెలు క్యాన్ల వైపు చూసింది, అక్క వైపు చూసింది. "అక్కా, ఈ గదిలో ఆరు సీసాలున్నాయి. ఒకే తపేలా. పాప దారం ఎర్రది. ఎర్ర దారం ఉన్న సీసాలో మంచినీళ్లు, మిగతా వాటిలో మామూలు నీళ్లు. అంతేనా? అలా కలపమంటావా నన్ను?"

"అలా అనకే."

"మరెలా అనాలి? నువ్వే చెప్పు, ఎలా అంటే బాగుంటుంది?"

షెడ్యూలమ్మ ఒక క్యాను ఎత్తి గుమ్మం లోపల పెట్టింది. మాట మార్చాలని చూసింది. "పాపని మాత్రం కనిపెట్టి చూడు. మరీ మత్తుగా ఉన్నా, ఏడవకపోయినా, పెదాలూ గోళ్లూ నీలంగా ఉన్నా..."

చెల్లెలు ఇక వినలేదు. గదిలోకి వెళ్లి, కిటికీ దగ్గరి ఉయ్యాలలోంచి ఆ పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. వెలుతురులోకి తెచ్చి, అక్క మొహం ముందు పెట్టింది. "ఇలాగా?" అంది.

వాడి పెదాలు బూడిద రంగుకి తిరిగి ఉన్నాయి. వేలిగోళ్లూ అంతే. కళ్లు సగం తెరిచి, ఎవరినీ చూడకుండా ఊరికే ఊపిరి తీస్తున్నాడు. షెడ్యూలమ్మ వాడి చెయ్యి పట్టి గోళ్లు చూసింది. తలాడించింది.

"జలుబనుకున్నాను" అంది చెల్లెలు. "జలుబనుకుని ఇంకాసేపు మరిగించానే, అక్కా. వీడి వాటా నీళ్లు ఇంకాసేపు మరిగించాను."

మిల్లు గేటుకి ఫోను చేశారు. వాడి తల్లి పరిగెత్తుకొచ్చింది. జుట్టునిండా దూది పీచు, చేతికింకా నూలు చుట్టుకునే ఉంది. షెడ్యూలమ్మ చెప్పింది. నీళ్లల్లో ఏముందో, అది పసివాళ్ల రక్తానికి ఊపిరి అందకుండా ఎలా చేస్తుందో, మరిగించడం ఎందుకు పనికిరాలేదో, ఆస్పత్రిలో ఏ మాట చెప్పాలో అన్నీ వరసగా చెప్పింది. ఆ అమ్మాయి కళ్లార్పకుండా విన్నది. విన్నాక ఒక్క ప్రశ్న వేసింది.

"అయితే నా పాలు లేక కాదా?"

"కాదమ్మా."

"నేను సరిగ్గా చూసుకోక కాదా? మా అత్తయ్య అదే అంటోంది. నేనూ అదే అనుకుంటున్నాను. మిషను ముందు నిలబడి అదే అనుకుంటున్నాను రోజూ."

"నీది కాదు" అంది షెడ్యూలమ్మ. అక్కడ ఆగితే సరిపోయేది. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, "మీరు కనిపెట్టారు మేడం, మీ కడుపు చల్లగుండ" అనేసరికి ఆగలేకపోయింది. "నాది. ఈ నీళ్లు బాగున్నాయని రాసింది నేనే. చూడకుండా రాశాను."

ఆ అమ్మాయికి అది ఎక్కిందో లేదో. పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని అప్పటికే గుమ్మం ముందు ఆగి ఉన్న ఆటో వైపు నడుస్తోంది. చెల్లెలు వెనకే వెళ్లి ఆటో ఎక్కింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నేను తోడు వెళ్తున్నా. పిల్లల్ని నువ్వు చూడు. సాయంత్రం తల్లులొస్తారు. నువ్వే చెప్పు" అంది. శనివారం దాకా ఆగుదామని షెడ్యూలమ్మ ఈసారి అనలేదు. ఆటో వెళ్లిపోయింది.

*

షెడ్యూలమ్మకి పిల్లల్లేరు. ఐదుగురు చంటిపిల్లలున్న గదిలో ఒంటరిగా నిలబడటం ఆమె జన్మలో అదే మొదలు. ఒకరు మొదలుపెడితే మిగతా వాళ్లు అందుకుంటారు. ముందు తపేలాలో నీళ్లు పారబోసింది. సీసాలన్నీ క్యాను నీళ్లతో కడిగి, డబ్బా మీద రాసినట్టు కొలిచి, పాలు కలిపి, ఏ దారం ఎవరిదో తెలియక ఎవరికి ఏది అందితే అది ఇచ్చింది. ఒకడు ఆమె చీర మీద కక్కాడు. పాప ఆమె కళ్లద్దాలు లాగింది. ఒక్కొక్కరి పెదాలూ వెలుతురులో పట్టి చూసింది. మిగతావాళ్లవి ఎర్రగానే ఉన్నాయి. చూసిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకుంది, మళ్లీ అనుమానం వచ్చి మళ్లీ చూసింది.

చెల్లెలు ఫోను చేసింది. డాక్టరు రక్తం తీస్తే కాఫీ రంగులో ఉందట. నరంలోకి ఏదో నీలం మందు ఎక్కించారట. కాసేపటికి పెదాల రంగు తిరుగుతోందట. ఇంకో రెండు రోజులు ఆగితే ఏమయ్యేదని తల్లి అడిగితే, ఇవాళే తెచ్చారు కదా అన్నాడట డాక్టరు. "పెట్టేస్తున్నా" అని చెల్లెలు పెట్టేసింది.

మిల్లు వదిలాక తల్లులు వచ్చారు. ఒక్కొక్కరూ గుమ్మంలో చెల్లెలి బదులు ఈమెని చూసి బెదిరారు. ఆమె ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పింది. ఒకావిడ అరిచింది. ఒకావిడ అరవకుండా పిల్లని లాక్కుని వెళ్లిపోయింది. పెద్దావిడ ఒకామె, "ఎన్నాళ్లనుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగింది.

"తెలీదండీ. ఎవరం ఎప్పుడూ చూడలేదు."

"మా నాలుగో నంబరు ఇంట్లో పోయినేడాది ఒక పిల్ల పోయింది. పుట్టుకతోనే బలహీనం అన్నారు." ఆవిడ నిందించడానికి అనలేదు. గుర్తొచ్చి అంది, అంతే. అని, నిద్రపోతున్న మనవణ్ణి భుజం మీద సర్దుకుని వెళ్లిపోయింది.

గది ఖాళీ అయింది. పాప ఒక్కతే చాప మీద బోర్లా పడి కాళ్లాడిస్తోంది. షెడ్యూలమ్మ పక్కనే కూర్చుని సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, ప్రోగ్రామరుకి ఫోను చేసింది.

"నేను చెప్పిన ముక్క మార్చాలి. ఒక్కసారి కూడా హద్దు దాటకపోతే పచ్చ అన్నాను. తప్పు. పరీక్ష చేసి ఉండాలి, చేసిన ప్రతిసారీ హద్దులో ఉండాలి. పరీక్షే లేకపోతే పచ్చ వద్దు, ఎరుపూ వద్దు. తెలుపు పెట్టు. కింద 'పరీక్షించలేదు' అని రాయి. తరవాతి పరీక్ష మూడేళ్లకి కాదు, ఈ వారమే."

"ఇప్పుడా మేడం? ఎల్లుండి సభ పెట్టుకుని? చీఫ్ గారికి తెలుసా?"

"పటానికి ఆమోదం ఇవ్వాల్సింది నేను. ఇస్తున్నాను. మార్చు బాబూ, నీకు పుణ్యముంటుంది."

అతను మార్చాడు. ఆమె చూస్తూ ఉండగానే పటం మీద ఆకుపచ్చలు ఆరిపోవడం మొదలుపెట్టాయి. మిల్లు క్వార్టర్లు ముందు తెల్లబడింది. నిన్నటి సీసా అంకె ఆమె స్వయంగా ఎక్కించగానే ఎరుపెక్కింది. ఆ తరవాత కొండవారగా ఒక వరస, ఏటి పక్కన ఒక వరస, కొత్త కాలనీలు, పాత కోళ్ల ఫారాలు, బడులు. ఇంత ఉంటుందని ఆమె అనుకోలేదు. మూడోవంతు పటం తెల్లటి చుక్కలతో నిండిపోయింది. ఏడాది చాకిరీ అంతా అలా కళ్ల ముందే వెలిసిపోతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఏడుస్తూనే జనానికి తెరిచే మీట నొక్కింది. సభలూ కుర్చీలూ లేకుండా పటం తెరుచుకుంది.

చీఫ్ ఇంజనీరు ఫోను రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏం చేశావు నువ్వు?"

"తెరిచేశాను సార్. క్వార్టర్లలో తల్లులకి చెప్పేశాను. ఒక బాబు ఆస్పత్రిలో ఉన్నాడు, బతికాడు. శనివారం దాకా అయితే నేను హామీ ఇవ్వలేకపోయేదాన్ని."

తిడతాడనుకుంది. సస్పెండు అంటాడనుకుంది, దానికి సిద్ధపడే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్లీ మాట్లాడేసరికి అది ఆఫీసులో వినే గొంతు కాదు.

"మా కోడలు పురిటికి వాళ్ల పుట్టింటికి వెళ్లిందమ్మా. ఏటి పక్కన, ఇటుక బట్టీల వెనక కాలనీ. బాబుకి రెండో నెల. పోతపాలే. నాకిక్కడ చుక్కలు సరిగ్గా ఆనడం లేదు. నువ్వు కాస్త... ఆ ఒక్కటీ చూసి చెబుతావా?"

షెడ్యూలమ్మ పటం దగ్గరికి జరిపింది. ఏటి వార పట్టుకుని వెళ్లింది. బట్టీలు దొరికాయి. వాటి వెనక చుక్క కూడా దొరికింది.

"తెలుపు సార్. అక్కడ కూడా ఎవరూ చూడలేదు" అంది. "ఇప్పుడే ఫోను చేసి చెప్పండి, కుళాయి నీళ్లతో పాలు కలపొద్దని, మరిగించినా పనికిరావని. పక్కింటివాళ్లకి కూడా చెప్పమనండి."